బాలింత నిద్ర, బిడ్డ జీవ గడియారం: ఆధారాలు ఎంతవరకు?

బాలింతకు కంటినిండా నిద్ర ఉండదని ప్రతి ఇంటికీ తెలుసు. ఆ నిద్రలేమికీ ప్రసవానంతర కుంగుబాటుకూ ఉన్న సంబంధం మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. సుమారు 22 శాతం తల్లుల్లో ఈ కుంగుబాటు ఉందని అది లెక్కగట్టింది. ఆ అధ్యయనాల కొలమానాలు వేర్వేరు కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకోవాలి.

రెండు లయలు

కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తంలోని, రాత్రి వేళను శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను మాయను దాటి బిడ్డను చేరుతుంది. పుట్టాక ఆ సరఫరా ఆగిపోతుంది. రాత్రిపూట సొంతంగా మెలటోనిన్ పెంచుకోవడం బిడ్డకు సాధారణంగా రెండు మూడు నెలలకు గాని పట్టుబడదు. రాత్రి చనుబాలలో ఈ హార్మోను ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. అందువల్ల బిడ్డకు రాత్రి నిద్ర త్వరగా అలవడుతుందన్న ఊహ సబబైనదే గాని, గట్టిగా రుజువు కాలేదు.

తల్లి సంగతి చూద్దాం. అమెరికాలో తొలి నాలుగు నెలలు తల్లుల నిద్రను మణికట్టు పరికరాలతో కొలిచిన అధ్యయనం 2010లో వెలువడింది. రాత్రి నిద్ర మొత్తం సగటున ఏడు గంటల పైమాటే, కానీ అది పదేపదే తెగిపోయింది. కాబట్టి నిద్ర ఎన్ని గంటలన్నదే కాక, ఎన్ని ముక్కలయిందన్నదీ చూడాలి.

ఏది కారణం, ఏది ఫలితం?

నిద్ర సరిగా లేని తల్లుల్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువని అనేక అధ్యయనాలు చూపాయి. కుంగుబాటు కూడా నిద్రను చెడగొడుతుంది. నొప్పులు, రక్తహీనత, ఇంట్లో హింస, ఆసరా లేకపోవడం రెంటికీ మూలం కావచ్చు. మెల్‌బోర్న్‌లో జరిగిన యాదృచ్ఛిక పరీక్షలో, బిడ్డను నిద్రపుచ్చే పద్ధతులు నేర్చుకున్న తల్లులకు, బిడ్డకు రెండేళ్లు వచ్చేసరికి, కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి. ఆ పద్ధతులు నేర్పినప్పుడు బిడ్డలు ఏడెనిమిది నెలలవాళ్లు. పసిగుడ్లకు ఆ ఫలితాన్ని అన్వయించకూడదు. బైపోలార్ రుగ్మత ఉన్న స్త్రీలకు మాత్రం నిద్రభంగం తీవ్ర మానసిక జబ్బును రేపగలదు. వారి విషయంలో ముందుజాగ్రత్త తప్పదు.

ఈపాటి ఆధారాలతో చేయగలిగింది

పగలు పురిటి గది కిటికీలు తెరిచి వెలుగు రానివ్వడం, రాత్రి పాలిచ్చేటప్పుడు దీపం తగ్గించడం వల్ల నష్టం లేదు. లాభం ఎంతో ఇంకా తేలాలి. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురికి అమ్మమ్మలు, పిన్నులు బిడ్డను ఎత్తుకుని కొన్ని గంటల ఏకధాటి నిద్ర దక్కేలా చూడవచ్చు. భర్త కూడా ఆ పని పంచుకోవాలి.

ప్రసవమయ్యాక 42 రోజుల వరకు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త బిడ్డ బరువుతో పాటు ఇదీ అడగాలి: “బిడ్డ పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా అమ్మా?” పట్టడం లేదని ఆమె చెబితే, ప్రసవానంతర కుంగుబాటును గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో పది ప్రశ్నల పట్టికతో పరీక్షించి డాక్టరు దగ్గరికి పంపాలి. దిగులు రెండు వారాలు దాటినా వైద్యం అవసరం. తనకో బిడ్డకో హాని చేయాలనిపిస్తే క్షణం ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 అందుకు రాత్రింబవళ్లూ పనిచేస్తుంది. శాస్త్రం కారణాలను తేల్చేదాకా ఏ తల్లి బాధా వాయిదా పడకూడదు.