ఎడం మలుపుల ఏడాది

మొన్న పొన్నూరు సెంటర్లో ఒక లారీ ఆగింది. గుంటూరు యార్డులో ఎత్తిన మిర్చి టిక్కీలు క్యాబిన్‌ను మించి ఉన్నాయి. క్లీనరు మోకులు బిగిస్తుంటే డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని అన్నాడు: "మలుపులోకి దిగాక బ్రేకు తొక్కితే ఏం లాభమండీ, ముందే తగ్గించుకోవాలి. లోడు వాలిందంటే ఇక మన మాట వినదు."

ఈ పాఠాన్నే 33 ఏళ్ల వయసులో, ఫార్ములా వన్ చూసొచ్చాక, కొత్తగా దిద్దుకున్నవాడు రేసు డ్రైవరు నరైన్ కార్తికేయన్.

కోయంబత్తూరు తెలుగు కుటుంబం ఆయనది. మనకు లాగే నల్లరేగడి, పత్తి ఉన్న ఊరు. అక్కడ పత్తి మిల్లులైంది, మిల్లుల డబ్బులో కొంత రేసింగుకు చేరింది. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఫార్ములా మారుతి కార్లు తయారుచేశాడు. నరైన్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీల మనిషి, సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచాడు. కొడుకు శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతితోనే మొదలుపెట్టాడు. 1994లో బ్రిటన్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్, 1996లో ఫార్ములా ఏషియా టైటిళ్లు అందుకున్నాడు.

2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్ గ్రిడ్ మీద నిలిచిన తొలి భారతీయుడయ్యాడు. ఆ జూన్‌లో ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం, 5 పాయింట్లు. మిషెలిన్ టైర్ల గొడవతో 14 కార్లు తప్పుకుని ఆరే మిగిలిన రేసది. రికార్డుల్లో ఘనంగా కనిపిస్తుంది కానీ, నాకు దానిమీద పెద్ద మోజు లేదు.

నాకు నచ్చింది 2010. పద్మశ్రీ వచ్చిన ఏడాదే అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్ సిరీస్‌లో చేరాడు. ట్రక్కంటే మన టిక్కీల లారీ అనుకునేరు. పికప్ ఒళ్లు తొడిగిన రేసుబండి. అయినా ఆరొందల కిలోల కారు నడిపిన చేతులకు టన్నున్నర బండి, మలుపుకు ముందే తగ్గించుకోక తప్పదు. మార్చిలో మార్టిన్స్‌విల్‌లో తొలి రేసు. చుట్టు కిలోమీటరు కూడా లేని ట్రాక్, 250 చుట్లు, అన్నీ ఎడం మలుపులే. ఒకరినొకరు రాసుకుంటూ పోతారు. ఫార్ములా కారుకు అలా తగిలితే చక్రం ఊడినట్టే. అక్కడ 13వ స్థానంలో ముగించాడు. ఆ ఏడాది ఒక్క గెలుపూ లేదు. కానీ సిరీస్‌లో అత్యంత ఆదరణ పొందిన డ్రైవరుగా అభిమానులు ఓట్లేసి ఎన్నుకున్నది ఈ కోయంబత్తూరు వాణ్ణే. ఆరు కార్ల మధ్య దొరికిన నాలుగో స్థానం కంటే ఇది బరువైందని నా లెక్క.

తర్వాత మళ్లీ ఫార్ములా వన్, వెనకబడ్డ హెచ్‌ఆర్‌టీ జట్టుతో. 2011 అక్టోబరు 30న బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో 17వ స్థానం. ఆపైన జపాన్. 2019 నవంబరులో ఫుజిలో జపాన్ సిరీస్ సూపర్ జీటీ, జర్మనీ సిరీస్ డీటీఎం కార్లు కలిసి పరిగెత్తిన రేసును హోండాతో గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 42.