చక్రంలో దాగిన గోళీలు

నాంపల్లి స్టేషను కట్టింది 1907లో. సరిగ్గా ఆ ఏడే స్వీడన్ దేశంలో, గోథెన్‌బర్గ్ అనే ఊళ్ళో, స్వెన్ వింగ్‌క్విస్ట్ అనే బట్టలమిల్లు ఇంజనీరు ఓ కొత్తరకం బాల్‌బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. నేల కుంగి ఇరుసులు వంకరపోతే మిల్లులో బేరింగులు ఊరికే పాడైపోయేవి. ఇరుసు కాస్త ఒరిగినా సర్దుకుపోయే బేరింగు ఆయనది. సర్దుకుపోవడం మన ఆడవాళ్ళ సొత్తే అనుకున్నాను ఇన్నాళ్ళూ! స్టేషనుకీ దానికీ ఏం చుట్టరికం అంటారా? రైలుకీ, రైలు దిగి ఎక్కే రిక్షాకీ కూడా ఆ వంశంవాళ్ళే కావాలి మరి.

బాల్‌బేరింగంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇనప బీరువాని గచ్చుమీద ఈడ్చి చూడండి, నడుం పట్టేస్తుంది. దాని కింద నాలుగు రోకళ్ళు అడ్డంగా పెట్టి తోయండి, చెప్పినమాట వింటుంది. రాసుకుంటూ జరగడానికీ, దొర్లుతూ జరగడానికీ ఉన్న తేడా అది. ఇరుసుకో ఉక్కు కడియం, చక్రానికో కడియం, రెంటి నడుమ ఉక్కు గోళీలు, కాస్త గ్రీజు. కడియాలు ఒకదాన్నొకటి రాసుకోవు, మధ్యన గోళీలు దొర్లిపోతాయి. రాపిడి బొత్తిగా పోదు గాని, అరుగుదలా వేడీ బాగా తగ్గుతాయి.

ఈ ఉపాయానికి 1794లోనే వేల్స్‌లో ఫిలిప్ వాన్ అనే ఆయన గుర్రబ్బండి ఇరుసు కోసం పేటెంటు తీసుకున్నాడు. ఉపాయం ఒక్కటే చాలదుగా! గోళీలన్నీ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి లావైతే బరువంతా దానిమీదే, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి మీద పడ్డట్టు! 1883లో జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫిషర్ గోళీలని ఒకే కొలతకి సానబట్టే యంత్రం చేశాకే అవి విరివిగా తయారయ్యాయి.

ఆ గోళీలే సైకిలు చక్రంలో కూచుని మన ఊరూ చేరాయి. నాంపల్లిలో దిగి, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, పిల్లలతో సహా రిక్షా ఎక్కి ఆబిడ్స్ వెళ్ళిన రోజులు నాకు గుర్తే. అంత బరువుని ఒక్క మనిషి తొక్కుకుపోయాడంటే అందులో కొంత పుణ్యం వాటిదే. గ్రీజెండి చక్రం కిర్రుమంటే, ఆ కిర్రుకి ఖరీదు కట్టేవి అతని పిక్కలే.

రైలుపెట్టెలకి పూర్వం ఇరుసు దగ్గర నూనెలో నానిన పోగులు కూరేవారు. నూనె ఎండితే ఇరుసు వేడెక్కి పొగలొచ్చేది. తర్వాత రోలర్‌బేరింగులు వచ్చాయి. గోళీ ఒక్క చుక్కమీద మోసే బరువుని రోలరు గీత పొడుగునా మోస్తుంది. అందుకే రైలుకి అదే తగును.

మీ ఇంట్లో ఫ్యాను కరకరమంటోందా? పాతసామానువాడికి వేసెయ్యకండి. ముందు బేరింగులు చూపించండి.