ఎవరి తర్వాత ఎవరు?

వరసగా ఐదు ఇళ్లు, ఐదు రంగులు, ఐదు దేశాల మనుషులు. వాళ్లలో జీబ్రా ఎవరిది? 1962 డిసెంబరులో ‘లైఫ్ ఇంటర్నేషనల్’ పత్రిక అడిగిన ప్రశ్న ఇది. ఆకుపచ్చ ఇల్లు దంతపు రంగు ఇంటికి వెంటనే కుడివైపున ఉందన్నది అందులో ఆరో సూచన. కుడి అంటే చదువుతున్న మీ కుడివైపేనని పత్రిక ప్రత్యేకంగా చెప్పింది. ఆ ఒక్క మాటా లేకపోతే పాఠకులు రెండు దారులు పట్టేవారు. దీన్ని ఐన్‌స్టైన్ రాశాడని ఇప్పటికీ చెబుతుంటారు గానీ ఆధారం లేదు.

సరదాగా కాలక్షేపం చేయించిన ఈ తరహా చిక్కుముడి 1977లో అమెరికా పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈలో, 1982లో అక్కడి లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో చేరి కొందరి భవిష్యత్తునే తేల్చసాగింది. ఎల్‌శాట్‌లో 35 నిమిషాలకు నాలుగు పజిల్స్ ఉండేవి.

పట్టు అంతా నియమాన్ని చదవడంలోనే ఉంది. ఐదుగురు వక్తలున్నారనుకుందాం. ‘రవి, మాధవి ఇద్దరూ ఉష కంటే ముందు మాట్లాడాలి’ అన్నది నియమం. చాలామంది వెంటనే రవి, మాధవి, ఉష అని గీసేస్తారు. నియమం అలా అనలేదు! రవి ముందా, మాధవి ముందా అన్నది తేల్చలేదు. మధ్యలో వేరేవారు రాకూడదనీ అనలేదు. కచ్చితంగా తెలిసేవి రెండే: ఉషకు మొదటి రెండు స్థానాలు కుదరవు, రవికీ మాధవికీ ఐదోది కుదరదు. రాయని మాటను చదవకుండా ఉండటం ఎంత కష్టమో ఈ ఒక్క వాక్యం చూపిస్తుంది. లాయరుకు కావలసిన నేర్పూ ఇదే. అందుకే ఈ పజిల్స్ అక్కడికి చక్కగా సరిపోయాయి.

అయితే వీటిని విప్పాలంటే దాదాపు అందరూ కాగితం మీద బొమ్మ గీసుకోవాల్సిందే. చూపు లేని అభ్యర్థి ఏం చేయాలి? మిషిగన్ యువకుడొకరు ఇదే ప్రశ్నతో కోర్టుకెక్కారు. న్యాయమైన ప్రశ్న. పరీక్ష నిర్వాహకులతో 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో ఈ విభాగం లేదు. జీఆర్‌ఈ 2002లోనే వదిలేసింది. అంతకుముందు అమెరికా వెళ్లిన తెలుగు ఇంజనీర్లకు ఆ 800 మార్కుల విభాగం బాగా గుర్తే.

మన బ్యాంకు పరీక్షల్లో మాత్రం ‘సీటింగ్ అరేంజ్‌మెంట్’ పేరుతో ఇవి నిక్షేపంగా ఉన్నాయి. గుండ్రటి బల్ల చుట్టూ అందరూ కేంద్రం వైపు ముఖం పెట్టి కూర్చుంటే, కుడివైపు అంటే గడియారపు ముల్లుకు ఎదురు దిశ. బయటికి తిరిగి కూర్చుంటే అదే కుడి, ముల్లు తిరిగే దిశవుతుంది. నంద్యాల కోచింగ్ సెంటర్లలోనైనా, దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా అభ్యర్థి ముందుగా వెతకాల్సింది ఆ ముఖం ఎటన్నదే.