కోవిడ్ అనంతర లక్షణాలు: పాతబస్తీ

స్వల్ప కోవిడ్ ఇంట్లోనే తగ్గాక కూడా నెలల తరబడి వదలని బాధలు. వ్యాధి మొదలైన 3 నెలల నాటికి కనిపిస్తూ, కనీసం 2 నెలలు ఉండి, మరో జబ్బుతో వివరించలేని లక్షణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచనం ఇచ్చింది.

అదే ఏడాది మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. లక్షణాలున్నవారికి మందుల కిట్లు అందాయి. పరీక్ష లేకుండా కిట్టుతోనే కోలుకున్నవారి చేతిలో రిపోర్టు ఉండదు. తర్వాత వచ్చిన నీరసాన్ని అనుమానించడానికి రిపోర్టు లేకపోవడమొక్కటే కారణం కాకూడదు.

కోవిడ్ అనంతర లక్షణాల్లో అలసట, ఆయాసం, మతిమరుపు, నిద్రలేమి ప్రధానమైనవి. శ్రమ చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడు కుప్పకూలడం ముఖ్యమైన గుర్తు. అలాంటివారిని వ్యాయామం పెంచమనడం హాని చేయవచ్చు. పనిని విడతలుగా చేసుకోవాలి. లాడ్‌బజార్‌లో కొలిమి ముందు లక్కగాజులు చేసేవారికి, రోజుకూలీలకు ఆ వెసులుబాటు దొరకడమే కష్టం.

చార్మినార్ దగ్గర అత్తరు అమ్మేవారికి వాసన పోవడమంటే జీవనాధారం పోవడమే. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాలను రోజుకు రెండుసార్లు, కనీసం 12 వారాలపాటు శ్రద్ధగా వాసన చూసే సాధన కొందరికి మేలు చేస్తుంది.

కోవిడ్ అనంతర లక్షణాలకు ప్రత్యేకమైన మందు లేదు. రక్తహీనత, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో చూడాలి. దగ్గు 2 వారాలు దాటితే క్షయ పరీక్ష తప్పనిసరి. ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.