అండాశయం పేరు, గుండెకు ముప్పు

1935లో అమెరికాలోని షికాగో నగర వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. వారి అండాశయాలు నీటితిత్తులతో ఉబ్బి ఉన్నాయి. నెలసరి సక్రమంగా రావడం లేదు. అండాశయంలో కొంత భాగాన్ని కోసి తీయడమే నాటి చికిత్స. అందువల్ల ఈ రుగ్మతను దశాబ్దాల పాటు సంతాన సమస్యగానే చూశారు.

1980లో స్థూలకాయం గల ఇటువంటి స్త్రీల రక్తంలో ఇన్సులిన్ మరీ అధికంగా ఉన్నదని తేలింది. సన్నగా ఉన్నవారిలోనూ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవచ్చునని 1989లో వెల్లడైంది. ఆ లోపమే కాలక్రమేణా చక్కెర, కొవ్వులు, రక్తపోటు పెరగడానికి దారితీస్తుంది. అధిక బరువు దానిని మరింత తీవ్రం చేస్తుంది. చివరకు, ఈ రుగ్మత గల స్త్రీలందరికీ గుండెజబ్బు ముప్పును అంచనా వేయాలని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

కనుక సంతానం కలిగినదని, శరీరం సన్నగా ఉన్నదని నిశ్చింతగా ఉండకండి. బరువు, రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు క్రమం తప్పక చేయించుకోండి.