కోనసీమలో కనిపించేది పులి పిల్లా? బావురుపిల్లా? తేడా గుర్తుపట్టండిలా..

రాత్రిపూట చెరువు గట్టు మీద ఒంటినిండా మచ్చలున్న జంతువు కనిపిస్తే చాలు.. ‘పులి పిల్ల వచ్చింది’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు చక్కర్లు కొడతాయి. కంగారులో కొందరు కర్రలు కూడా పట్టుకుంటారు. కానీ కోనసీమ లాంటి డెల్టా ప్రాంతంలో అలా కనిపించేది బావురుపిల్లి అయ్యే అవకాశమే ఎక్కువ. ఇది మనుషుల జోలికి రాదు. పైగా చట్టం దీనికి పెద్దపులితో సమానమైన రక్షణ ఇచ్చింది.

భయం ఎందుకు?

భయానికి కారణం లేకపోలేదు. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి తిరిగి పశువులను చంపింది. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారు దివాన్‌చెరువు దగ్గర, ఆ తర్వాత కడియం నర్సరీల వైపు చిరుత సంచారం కలకలం రేపింది. కడియం నుంచి కోనసీమ జిల్లా ఆలమూరు మండలం ఎంతో దూరం లేదు. అంటే దారి తప్పిన చిరుత ఇటు రావడం అసాధ్యమేమీ కాదు. కానీ పులులు, చిరుతలు స్థిరంగా ఉండేంత అడవి కోనసీమలో లేదు. గోదావరి ఎగువన ఉన్న పాపికొండల అడవులే వాటి ఇల్లు. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ నేలలో ఉండేవి చిన్న మాంసాహార జంతువులే.

బావురుపిల్లి ఎలా ఉంటుంది?

ఇంగ్లిష్‌లో దీన్ని ఫిషింగ్ క్యాట్ అంటారు. ఇంటి పిల్లి కంటే దాదాపు రెట్టింపు సైజు. బరువు 5 నుంచి 16 కిలోల వరకు ఉంటుంది. వేళ్ల మధ్య కొద్దిగా పొర ఉండటంతో బురదలో నడవడం, నీళ్లలో ఈదడం దీనికి తేలిక. ఒంటి మీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఒత్తుగా ఉండటంతో నీళ్లలో దూకినా చర్మం అంత త్వరగా తడవదు. ఒడ్డున కదలకుండా కూర్చుని, చేప దగ్గరికి రాగానే పంజాతో కొడుతుంది. అవసరమైతే నీళ్లలోకి దూకేస్తుంది. చేపలతో పాటు పీతలు, ఎలుకలు, పక్షులను కూడా తింటుంది.

కాకినాడ పక్కనే ఉన్న కోరింగ అభయారణ్యం దీనికి ముఖ్యమైన స్థావరం. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 2018 సర్వేలో ఇక్కడ సుమారు 115 బావురుపిల్లులు ఉన్నట్టు అంచనా వేశారు. ఈ మడ అడవులు గోదావరి నదీముఖం వెంట కోనసీమ తీరం వైపు కూడా విస్తరించి ఉన్నాయి.

చిరుతకు, దీనికి తేడా ఏంటి?

* మచ్చలు: చిరుత ఒంటి మీద మచ్చలు పువ్వుల్లా, గుండ్రంగా, మధ్యలో ఖాళీగా ఉంటాయి. బావురుపిల్లికి నిండు నల్ల చుక్కలు వరుసల్లో ఉంటాయి. నుదుటి మీద నిలువు చారలు ఉంటాయి.
* తోక: చిరుత తోక చాలా పొడవు. బావురుపిల్లి తోక పొట్టిగా, లావుగా ఉంటుంది.
* రంగు: చిరుతది పసుపు ఛాయ. బావురుపిల్లిది బూడిద, గోధుమ కలిసిన రంగు.
* కనిపించే చోటు: చెరువు గట్టు, కాలువ ఒడ్డు, జమ్ము పొదలు, మడ అడవి అయితే బావురుపిల్లి అయ్యే అవకాశం ఎక్కువ.

పాదముద్రల్లో గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉంటే అవి ఎక్కువగా కుక్కవో, నక్కవో అయి ఉంటాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది.

ఇంకా ఏమేం ఉన్నాయి?

నీటికుక్కలు గుంపులుగా తిరుగుతూ చేపలు పడతాయి. వీటినే ఆటర్స్ అంటారు. నక్క ఎలుకలు, పీతలతో పాటు పండ్లు కూడా తింటుంది. కొబ్బరి తోటల్లో, పాత ఇళ్ల అటకల మీద చప్పుడు చేసే మానుపిల్లి కూడా శాస్త్రం ప్రకారం మాంసాహార జంతువుల వర్గానిదే. కానీ దానికి పండ్లంటే ఎక్కువ ఇష్టం. ముంగిస సంగతి అందరికీ తెలిసిందే. ఎలుకలను తినే ఈ జంతువులు వరి రైతుకు పైసా ఖర్చు లేకుండా మేలు చేస్తున్నట్టే.

ముప్పు ఎక్కడ?

మడ అడవులు, చిత్తడి నేలలు తగ్గిపోవడం బావురుపిల్లికి పెద్ద దెబ్బ. వరి చేలు, ఖాళీ జాగాలు రొయ్యల చెరువులుగా మారిన చోట దాక్కోవడానికి పొదలు కూడా మిగలడం లేదు. ఆకలితో చేపల చెరువుల దగ్గరికి, కోళ్ల గూళ్ల దగ్గరికి వస్తుంది. అక్కడ ఉచ్చులు, విషం, కుక్కలు. రోడ్డు మీదకొస్తే వాహనాలు. ప్రపంచవ్యాప్తంగా దీని సంఖ్య తగ్గుతుండటంతో ఐయూసీఎన్ దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది.

రైతుకు నష్టం జరగదని కాదు. కానీ చంపితే కేసు తప్పదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఇది ఉంది. నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, దాంతో పాటు జరిమానా. కోళ్ల గూటికి రాత్రిపూట గట్టి తలుపు వేయడం, చెరువు గట్టు మీద లైట్లు పెట్టడం, చచ్చిన చేపలను అక్కడే వదిలేయకుండా పూడ్చేయడం మేలు.

కనిపిస్తే ఏం చేయాలి?

* దూరంగా ఉండండి. చుట్టుముట్టి, తరిమి వీడియోలు తీయొద్దు. తప్పించుకునే దారి లేకపోతే ఏ జంతువైనా ఎదురు తిరుగుతుంది.
* పిల్లలు కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లొద్దు. తల్లి వేటకు వెళ్లి ఉండొచ్చు. మనుషులు దూరంగా వెళ్తే తిరిగి వస్తుంది.
* పాదముద్రలు ఉంటే తొక్కకుండా, పక్కన పెన్నో అగ్గిపెట్టో పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది.
* ఫొటోను గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసే ముందు అటవీ శాఖ సిబ్బందికి చూపించండి. నంబర్ తెలియకపోతే 112కు ఫోన్ చేసి విషయం చెప్పండి.
* నిజంగా చిరుతే అని అధికారులు చెబితే చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దు. పిల్లలను, పశువులను ఆరుబయట ఉంచొద్దు.