నవలకు బహుమతి ప్రకటించిన పత్రిక

తెలుగు నవల పుట్టుకను వీరేశలింగం గారి ప్రతిభకే ముడిపెట్టడం మన విమర్శకులకు అలవాటు. అచ్చుకూటం సంగతి ఎవరూ ఎత్తరు. 1874లో వెలువడిన ‘వివేకవర్ధని’ మొదట మద్రాసులో అచ్చయ్యేది. రాజమండ్రిలో సొంత ముద్రణాలయం వచ్చాక ఊరి లంచగొండుల గుట్టు ఊళ్లోనే అచ్చయింది. 1878లో ‘రాజశేఖర చరిత్రము’ ధారావాహికగా వచ్చిందీ ఆ పుటల్లోనే.

న్యాపతి సుబ్బారావు గారి ‘చింతామణి’ మరో అడుగు వేసి నవలలకు పోటీ పెట్టింది. నరసాపురంలో చదువుకున్న చిలకమర్తి 1894లో ‘రామచంద్ర విజయము’తో బహుమతి అందుకున్నారు. జమీందారు గడప తొక్కకుండా రచయితకు గుర్తింపు రావడం చిన్న మార్పు కాదు. అయితే ఆ పత్రిక చదివినవారు అక్షరాస్యులైన కొద్దిమందే. డెల్టాలో నాట్లు వేసే చేతులకు అది అందలేదు. బహుమతి గెలిచిన చిలకమర్తి తర్వాత తానే ‘మనోరమ’, ‘దేశమాత’ నడిపారు.